జాబ్ ఆఫర్ లేకుండా కెనడా పీఆర్: 66 మార్కుల దగ్గర ఆగిన తమ్ముడికి

నీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఖమ్మం కుర్రాడివి, 27 ఏళ్లు, పెళ్లి కాలేదు. బీటెక్ మెకానికల్ చదివి, అందరిలాగే హైదరాబాద్ వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పడ్డావు. మూడేళ్లు దాటింది. ఐఈఎల్‌టీఎస్ జనరల్ రాస్తే లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7 వచ్చాయి. కెనడాలో చుట్టాలెవరూ లేరు, జాబ్ ఆఫర్ లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు "జాబ్ ఆఫర్ లేకపోతే పీఆర్ రాదు, పద్దెనిమిది లక్షలు పెట్టుకుంటే ఆఫర్ మేమే ఇప్పిస్తాం" అన్నారు. నాన్న ఎకరం పొలం అమ్ముదామా అని చూస్తున్నారు. అమ్మాలా, వద్దా?

అమ్మొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పి రా.

నేనూ జాబ్ ఆఫర్ లేకుండానే వచ్చినవాణ్ణి. 2018లో నా స్కోరు 445, అప్పట్లో కటాఫ్ 440 ప్రాంతంలో తిరిగేది. తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో మిస్సిసాగాలో దిగాను. లైసెన్సు ఉన్న కన్సల్టెంట్‌ని కాను. కానీ ఈ ఏళ్లలో మా పిన్ని కొడుకు మొదలుకొని తెనాలి క్లాస్‌మేట్ల దాకా చాలామంది ఫారాలు దగ్గర కూర్చుని నింపించాను. అందుకని ఇవన్నీ వేళ్ల మీద ఉన్నాయి.

కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది ఒకప్పుడు నిజానికి దగ్గరగా ఉండేది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ, అంటే పాయింట్లను బట్టి పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) మనుషుల్ని ఎంచుకునే పద్ధతి, 2015 జనవరిలో మొదలైనప్పుడు జాబ్ ఆఫర్‌కి ఏకంగా 600 పాయింట్లు. 2016 నవంబరులో దాన్ని 50కి, పెద్ద మేనేజర్ పోస్టులకైతే 200కి దించారు. 2025 మార్చి 25 నుంచి ఆ పాయింట్లు పూర్తిగా తీసేశారు. తియ్యడానికి కారణం నీకొచ్చిన బేరం లాంటి బేరాలే. ఎల్‌ఎంఐఏ అంటే "ఈ పనికి ఇక్కడ మనిషి దొరకలేదు" అని కెనడా యజమాని అక్కడి ప్రభుత్వం దగ్గర తెచ్చుకునే అనుమతి. దాని ఫీజు 1,000 డాలర్లు, కట్టాల్సింది యజమాని. ఆ డబ్బు పనికి వచ్చేవాడి దగ్గర వసూలు చెయ్యకూడదని చట్టం. ఆ వెయ్యి డాలర్ల కాగితాన్నే పద్దెనిమిది లక్షలకి అమ్ముతున్నారు. పైగా పిలుపు తేల్చే స్కోరులో దాని వల్ల వచ్చే పాయింట్లు ఇప్పుడు సున్నా. కొనేవాడికి ఆ సంగతి తెలీదు, అమ్మేవాడికి బాగా తెలుసు.

ఇక నీ లెక్క చూద్దాం. మనవాళ్లు రెండు పట్టికల్ని కలిపేసి గందరగోళపడతారు. మొదటిది 100కి వేసే పట్టిక, అందులో 67 వస్తే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అనే పథకం కింద అర్హత, అంటే గేటు లోపలికి రానిస్తారు, అంతే. రెండోది 1,200కి వేసే సీఆర్‌ఎస్. లోపల నిలబడ్డవాళ్లలో ఎవర్ని పిలవాలో తేల్చేది అదే. "మీకు 67 వచ్చేశాయి సార్, కంగ్రాట్స్" అని ఫోన్ చేసే కన్సల్టెన్సీలు గేటు దగ్గర నిలబెట్టి పెళ్లి భోజనం తినేశావని చెప్పే రకం.

నీకైతే ఆ గేటు కూడా తెరుచుకోలేదు. లెక్క వేసుకో. ఐఈఎల్‌టీఎస్ బ్యాండుల్ని వాళ్లు సీఎల్‌బీ అనే కొలతలోకి మారుస్తారు. సీఎల్‌బీ 9 రావాలంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింట్లో 7 ఉండాలి. నీ రీడింగ్, స్పీకింగ్ సీఎల్‌బీ 9, ఒక్కోదానికి 6 మార్కులు. లిజనింగ్, రైటింగ్ సీఎల్‌బీ 8, ఒక్కోదానికి 5. భాషకి మొత్తం 22. బీటెక్‌కి 21, వయసుకి 12, రెండు మూడేళ్ల అనుభవానికి 11. కలిపితే 66. ఒక్క మార్కు! ఆ కన్సల్టెన్సీ ఈ కూడిక వేసి చూపించిందా? నాకైతే అనుమానమే. నాలుగో ఏడు పూర్తయితే అనుభవానికి 13 వస్తాయి కాబట్టి ఏమీ చెయ్యకుండా కూర్చున్నా 68 అవుతుంది. లేదా లిజనింగ్‌లోనో రైటింగ్‌లోనో అర బ్యాండు పెంచినా 67కి చేరతావు.

ఇక సీఆర్‌ఎస్. పెళ్లికానివాడికి 20 నుంచి 29 ఏళ్ల వరకు వయసుకి 110, అదే గరిష్ఠం. బీటెక్‌కి 120. భాషకి నీ ప్రస్తుత బ్యాండులతో 108. ఇవి కాక చదువునీ అనుభవాన్నీ భాషతో జోడించి ఇచ్చే పాయింట్లు ఉన్నాయి, అవి నీకు 13, 25. మొత్తం 376. ఇప్పుడు లిజనింగ్ 8, రైటింగ్ 7 చేసి చూడు. భాష 124 అవుతుంది. అంతకంటే పెద్ద విషయం, నాలుగింట్లోనూ సీఎల్‌బీ 9 ఉంటేనే ఆ జోడింపు పాయింట్లు రెట్టింపవుతాయి: 13 కాస్తా 25, 25 కాస్తా 50. మొత్తం 429. రెండు అర బ్యాండులకి 53 పాయింట్లు! ఒక్క మాడ్యూల్‌లో తగ్గినా ఆ రెట్టింపు రాదు. నాలుగూ ఒకే పరీక్షలో రావాలి. పోయినసారి రీడింగ్, ఈసారి రైటింగ్ అని అతికిస్తే ఒప్పుకోరు.

ఐఈఎల్‌టీఎసే రాయాలని లేదు. సెల్‌పిప్ తీసుకుంటారు, 2024 జనవరి చివరి నుంచి పీటీఈ కోర్ కూడా. పీటీఈలో కోర్ వేరు, చదువుకి వెళ్లేవాళ్లు రాసే అకడమిక్ వేరు. ఆ తేడా చూసుకోకుండా డబ్బు కట్టిన ఇద్దరిని నేనెరుగుదును.

సరే, 429 వచ్చిందనుకుందాం. చాలుతుందా? 2018లో అయితే నాతోపాటు గుమ్మం దాకా వచ్చేవాడివి. ఇప్పుడు చాలదు. ఈ మాట ఎవరూ ముఖం మీద చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

కటాఫ్ దాటినవాళ్లని పిలిచే ఒక్కో విడతని డ్రా అంటారు. ఏ కేటగిరీ అనకుండా అందరికీ కలిపి తీసే డ్రా చివరిసారి 2024 ఏప్రిల్ 23న జరిగింది, కటాఫ్ 529. 2025 మొత్తంలో అలాంటిది ఒక్కటీ తియ్యలేదు. ఆ ఏడాది పిలిచింది ఎవర్నంటే, ఇప్పటికే కెనడాలో పని చేసినవాళ్లని (515 నుంచి 547 మధ్య కటాఫ్), రాష్ట్రాలు ఎంపిక చేసినవాళ్లని, ఆరోగ్యం, విద్య లాంటి కొన్ని రంగాలవాళ్లని, ఫ్రెంచ్ వచ్చినవాళ్లని. 2021 ఫిబ్రవరి 13న 75 పాయింట్లకే 27,332 మందిని పిలిచారని యూట్యూబ్‌లో ఇప్పటికీ ఊదరగొడుతుంటారు. నిజమే, కానీ అది కోవిడ్ రోజుల్లో కెనడాలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ల కోసం తీసిన డ్రా. హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి అందులో చోటు లేదు.

దీని వెనక రాజకీయం ఉంది. అక్కడ ఇళ్ల అద్దెలు మండిపోయి, "మరీ ఎక్కువమందిని రానిచ్చారు" అనే మాట జనంలో బలపడింది. ఏటా ఐదు లక్షల మందికి పీఆర్ ఇస్తామన్న ప్రభుత్వమే 2024 అక్టోబరులో వెనక్కి తగ్గి, 2025కి 3,95,000 అంది. 2026కి 3,80,000. అంకె తగ్గించడమే కాదు, 2025లో నలభై శాతానికి పైగా అప్పటికే అక్కడ ఉన్నవాళ్లకే అన్నారు. అంటే బయట నుంచి నేరుగా వచ్చే మనలాంటివాళ్ల వాటా అసలు అంకె కంటే ఎక్కువగా తగ్గింది.

ఐతే వదిలెయ్యాలా? నీ వయసులో అయితే నేను వదలను. ఫ్రెంచ్ నేర్చుకుంటాను.

నవ్వకు. మా పిన్ని కొడుకూ నవ్వాడు. ఈ లెక్క వేసి చూపిస్తే నవ్వు ఆపి ఆలోచనలో పడ్డాడు. ఫ్రెంచ్‌లో నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కి సీఎల్‌బీ లాంటి కొలత) 7 తెచ్చుకుంటే రెండో భాష కింద 12, అదనంగా 50, మొత్తం 62 పాయింట్లు. ఇప్పుడున్న ఇంగ్లీషుతోనే 376 కాస్తా 438. ఇంగ్లీషు కూడా సరిచేస్తే 429 కాస్తా 491. గేటు దగ్గరి 67 పట్టికలో కూడా రెండో భాషకి 4 వస్తాయి, 66 దాటి 70లో పడతావు. అసలు సంగతి పాయింట్లు కూడా కాదు. ఫ్రెంచ్ వాళ్లకి డ్రా వేరే తీస్తారు. 2025లో ఆ డ్రాల కటాఫ్ 379కి దిగింది, మహా పెరిగితే 481. మార్చి 21న ఒక్కసారే 7,500 మందిని పిలిచారు. నీ 491 ఆ ఏడాది ఏ ఫ్రెంచ్ డ్రాలో పెట్టినా దాటేది.

ఎందుకింత ప్రేమ అంటావా? క్యూబెక్ బయట ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నారని వాళ్ల బాధ. వచ్చేవాళ్లలో ఫ్రెంచ్ వాళ్ల వాటా 2024లో 6 శాతం, 2025లో 8.5, 2026కి 9 అని లక్ష్యం పెట్టుకున్నారు. మొత్తం కోటా తగ్గిస్తూ ఈ వాటా పెంచుకుంటూ పోతున్నారు కాబట్టి, ఇప్పట్లో మూసుకోని తలుపు ఏదైనా ఉంటే ఇదేనని నా నమ్మకం. క్యూబెక్‌లో ఉండాల్సిన పని లేదు. నిజానికి ఈ డ్రాలో వచ్చేవాళ్లు క్యూబెక్ బయట స్థిరపడతామని చెప్పాలి. క్యూబెక్‌కి పూర్తిగా వేరే పద్ధతి ఉంది.

కష్టం గురించి అబద్ధం చెప్పను. ఎన్‌సీఎల్‌సీ 7 అంటే యూరప్ లెక్కలో బీ2, అంటే నువ్వు ఒక విషయం మీద వాదించగలగాలి. "నా పేరు ఫలానా" స్థాయి కాదు. రోజుకి రెండు గంటల చొప్పున ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. "మూడు నెలల్లో టెఫ్ (ఫ్రెంచ్ పరీక్ష) గ్యారంటీ" అన్నవాడి మీద నమ్మకం పెట్టుకోకు. తెలుగువాడికి కొన్ని సుళువులూ ఉన్నాయి. ముక్కుతో పలికే అచ్చులు మనకి అరసున్న అనుకుంటే సగం వచ్చేస్తాయి. తొంభైని "నాలుగు ఇరవైలు పది" అంటారు, పాతకాలం సంత లెక్కలా. కుర్చీ ఆడది, పుస్తకం మగది అనేదాన్ని మాత్రం కంఠతా పట్టడమే, వేరే దారి లేదు. హైదరాబాద్‌లో అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, బీ1 దాకా అక్కడ పద్ధతిగా నేర్చుకో. ఆ తర్వాత టెఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా పరీక్ష తీరు తెలిసిన ట్యూటర్‌ని ఆన్‌లైన్‌లో పట్టుకో. మావాడు పొద్దున్నే ఐదింటికి లేచి పద్నాలుగు నెలలు చదివాడు. మొదటిసారి లిజనింగ్‌లో పోయింది. ఫ్రెంచివాళ్లు మాటలు మింగేస్తారు, రేడియో వార్తలు రోజూ వినకపోతే చెవి తెరుచుకోదు. రెండోసారి నాలుగూ కొట్టాడు. 2025 మార్చి డ్రాలోనే పిలుపొచ్చింది.

నీకు టైమెంత ఉందో కూడా చూసుకో. 29 దాకా 110, 30 నిండితే 105, 31కి 99, 32కి 94. అంటే ఫ్రెంచ్‌కి ఏడాదిన్నర పెట్టినా వయసు పాయింటు ఒక్కటీ పోదు. ఇదే ప్రశ్న 34 ఏళ్ల మనిషి అడిగి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది.

నీ బీటెక్ మెకానికల్ గురించి ఒక హెచ్చరిక. 2025 ఫిబ్రవరిలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కేటగిరీ జాబితా మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లని, డేటా సైంటిస్టులని తీసేసి మెకానికల్ ఇంజినీర్ల లాంటివాళ్లకి చోటిచ్చారు. ఈ జాబితా ఎప్పటికప్పుడు మారుస్తుంటారు, ప్రొఫైల్ వేసే రోజున చూసుకో. ఇది చూసి ఎవడో ఒకడు నీ దగ్గరికొచ్చి "తమ్ముడూ, నీది మెకానికల్ డిగ్రీయే కదా, 21301 కోడ్ పెట్టేద్దాం" అంటాడు. అది కెనడా ఒక్కో వృత్తికీ ఇచ్చే ఎన్‌ఓసీ కోడ్. కోడ్ నీ డిగ్రీని బట్టి రాదు, నువ్వు చేసిన పనిని బట్టి వస్తుంది. నువ్వు చేసింది టెస్టింగ్, నీది 22222. అందులో రెండో అంకె టీర్ స్థాయి, అంటే ఆ పనికి ఎంత చదువు, శిక్షణ కావాలో చెప్పేది. 0 నుంచి 3 వరకు ఏదైనా ఫెడరల్ స్కిల్డ్‌కి పనికొస్తుంది, కాబట్టి నీ టెస్టింగ్ అనుభవం సుబ్బరంగా చెల్లుతుంది. లేని మెకానికల్ అనుభవం చూపిస్తే మాత్రం అది తప్పుడు సమాచారం, దొరికితే ఐదేళ్ల నిషేధం. అమీర్‌పేట అలవాటుగా "ఎక్స్‌పీరియన్స్ పెట్టించడం" ఇక్కడ చెల్లదు. వాళ్లు కంపెనీకి ఫోన్ చేస్తారు. జీతం బ్యాంకులో పడిందా, ఫారం 16లో ఉందా, పీఎఫ్ కట్టారా అన్నీ ఒకదానితో ఒకటి సరిపోలాలి.

ఇంకో నలభై పాయింట్లు తెలుగువాళ్లు తరచూ వదిలేసేవి ఉన్నాయి. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ నుంచి దూరవిద్యలో అయినా ఎంబీఏ లాంటి పీజీ పూర్తి చేసి, మన డిగ్రీల్ని అంచనా వేసే ఈసీఏ సంస్థ దాన్ని మాస్టర్స్‌గా గుర్తిస్తే, చదువుకి 120 బదులు 135, జోడింపులో 25 బదులు 50. మీ ఇంట్లో సగం చదివి వదిలేసిన ఎంబీఏ ఉంటే దుమ్ము దులుపు. కొత్తగా మొదలుపెట్టాలంటే మాత్రం ఆ రెండేళ్లు ఫ్రెంచ్‌కి పెట్టమంటాను.

రాష్ట్రాల నామినేషన్ వస్తే 600 పాయింట్లు, ఇక అడిగేవాడు లేడు. కానీ 2025లో రాష్ట్రాల కోటాని ఫెడరల్ ప్రభుత్వం 1,10,000 నుంచి 55,000కి, అంటే సగానికి సగం కోసేసింది. 2026కి కొంత తిరిగిచ్చారు. రాష్ట్రాలూ ముందు తమ దగ్గర పనిచేస్తున్నవాళ్లనే చూస్తున్నాయి. మానిటోబాలో అయితే మామూలుగా అక్కడ దగ్గరి బంధువులో, స్నేహితులో ఉంటేనో, ముందే అక్కడ చదివో పనిచేసో ఉంటేనో చూస్తారు. నీకు అవేవీ లేవు. ప్రొఫైల్‌లో "ఏ రాష్ట్రమైనా సరే" అని టిక్ పెట్టి ఉంచు, దానికి ఖర్చు లేదు. ఆశ మాత్రం దాని మీద పెట్టుకోకు.

విజిట్ వీసా మీద వచ్చి ఉద్యోగం వెతుక్కుని ఇక్కడే వర్క్ పర్మిట్‌గా మార్చుకోవచ్చు అంటారు కొందరు. కోవిడ్ టైమ్‌లో ఇచ్చిన ఆ వెసులుబాటు 2024 ఆగస్టు 28న ఆగిపోయింది. చదువు దారి ఉంది కానీ ఖర్చు ఎక్కువ. ఫీజు కాకుండా బతకడానికే 22,895 డాలర్లు చూపించాలి, 2025 సెప్టెంబరు నుంచి అది లెక్క. చదివాక పీఆర్ వస్తుందన్న హామీ కూడా లేదు. అప్పు చేసి చిన్న కాలేజీలో డిప్లొమాకి వచ్చి, పర్మిట్ గడువు దగ్గర పడుతుంటే నిద్రపట్టని పిల్లల్ని ఇక్కడ రోజూ చూస్తున్నాను. పొలం ఇక్కడా అమ్మొద్దు.

ఇప్పుడు కాగితాలు. చాలామంది పాయింట్ల దగ్గర కాదు, ఇక్కడ దెబ్బతింటారు.

ఈసీఏ అంటే మన డిగ్రీ కెనడా డిగ్రీతో సమానమని చెప్పే నివేదిక, ఐదేళ్లు చెల్లుతుంది. మనవాళ్లు ఎక్కువగా వెస్ (WES) అనే సంస్థకి పంపుతారు. ట్రాన్స్‌క్రిప్టులు నువ్వు పంపితే కుదరదు, యూనివర్సిటీ నుంచి వెళ్లాలి. మన యూనివర్సిటీ పరీక్షల విభాగం సంగతి నీకు తెలిసిందే, కాబట్టి ఫ్రెంచ్ మొదలుపెట్టిన నెలలోనే దీన్నీ మొదలుపెట్టు. పాస్‌పోర్టులో ఉన్న పేరు, టెన్త్ మెమోలో పేరు, డిగ్రీలో పేరు ఒకేలా ఉన్నాయా చూడు. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. దీనికే రెండు నెలలు పోయినవాళ్లున్నారు.

అనుభవం లెటర్ నా విషయంలో పెద్ద తలనొప్పి అయింది. వాళ్లకి కావలసింది నీ హోదా, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, వారానికి ఎన్ని గంటలు, జీతం, ముఖ్యంగా నువ్వు ఏమేం పనులు చేశావు. నేను మానేసిన కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు "మా ఫార్మాట్‌లో పనుల వివరం ఉండదు" అని రెండు లైన్ల లెటర్ చేతిలో పెట్టారు. ఎంత బతిమాలినా అంతే. చివరికి మా పాత మేనేజర్ స్టాంపు పేపర్ మీద నోటరీ చేయించి, నేను చేసిన పనులు రాసి సంతకం పెట్టారు. దానికి ఆయన ఐడీ కార్డు కాపీ, నా ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, ఫారం 16, హెచ్‌ఆర్ ఎందుకు ఇవ్వలేదో చెప్తూ నా వివరణ జతచేశాను. ఒప్పుకున్నారు. నువ్వు ఉద్యోగంలో ఉండగానే, మేనేజర్‌తో మాటామంతీ బాగున్నప్పుడే ఇది అడిగి పెట్టుకో. ఇంకో జాగ్రత్త, ఆ పనుల జాబితాని ఎన్‌ఓసీ వెబ్‌సైటు నుంచి మక్కీకి మక్కీ దించకు. నువ్వు నిజంగా చేసింది నీ మాటల్లో రాయించు.

డబ్బు చూపించాలి. ఒక్కడికైతే 15,263 డాలర్లు, 2025 జూలైలో పెట్టిన అంకె, ఏటా కొంచెం పెంచుతారు. మన రూపాయల్లో పది లక్షలకి అటూ ఇటూ. ఇది ఎవరికీ కట్టేది కాదు, నీ ఖాతాలో నీ పేరున ఉండాలి, వచ్చాక నువ్వే ఖర్చుపెట్టుకుంటావు. బ్యాంకు లెటర్‌లో గత ఆరు నెలల సగటు నిల్వ కూడా రాయాలి కాబట్టి చివరి వారంలో చేబదులు తెచ్చి వేస్తే తెలిసిపోతుంది. అప్పు తెచ్చిన డబ్బు చెల్లదు, పొలం విలువా, ఇంటి విలువా చెల్లవు. నాన్నగారు ఇస్తే మాత్రం ఫర్వాలేదు, తిరిగి ఇవ్వక్కర్లేదని గిఫ్ట్ డీడ్ రాసి, ఆయన ఖాతా నుంచి వచ్చినట్టు చూపిస్తే చాలు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీసుకుంటారు.

ప్రొఫైల్ వేయడానికి ఒక్క పైసా కట్టక్కర్లేదు. పిలుపు వచ్చాకే ప్రభుత్వ ఫీజు, 2024 ఏప్రిల్ 30న పెట్టిన అంకె 1,525 డాలర్లు, బయోమెట్రిక్స్‌కి 85. రెండేళ్లకోసారి పెంచే ఫీజు కాబట్టి కట్టే రోజున చూసుకో. పిలుపు వచ్చిన దగ్గర్నుంచి 60 రోజుల్లో అన్ని కాగితాలూ ఎక్కించాలి. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ కూడా ముందే చేయించుకుని పెట్టాలి, వాళ్ల జాబితాలో ఉన్న డాక్టరు దగ్గరే. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా నుంచి. ఖమ్మం అడ్రసు, హైదరాబాద్ అడ్రసు రెండూ ఉంటే వెరిఫికేషన్ నానుతుంది, ముందే చూసుకో.

నీకు 27 కాబట్టి ఇంట్లో సంబంధాలు చూస్తూ ఉండే ఉంటారు. అడగలేదు కానీ చెప్తున్నా. పెళ్లయితే లెక్క మారుతుంది. సీఎల్‌బీ 9తో ఒంటరిగా 429 ఉన్న నువ్వు, భార్య ఐఈఎల్‌టీఎస్ రాయకపోతే, ఆమె చదువుకి ఈసీఏ చేయించకపోతే 403కి పడిపోతావు. ఆమె బీటెక్ ఈసీఏ, సీఎల్‌బీ 9 ఉంటే 431. అంటే నష్టం లేదు, రెండు పాయింట్లు లాభమే. ఆమె స్కోరు నీకంటే ఎక్కువైతే ఆమె పేరునే వేయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇద్దరికి చూపించాల్సిన డబ్బు 19,001 డాలర్లు. ఒక్క తప్పు మాత్రం చెయ్యకు. పాయింట్లు పోతాయని పెళ్లి దాచిపెట్టి పీఆర్ తీసుకుంటే, తర్వాత ఆ భార్యని స్పాన్సర్ చేసే హక్కే పోతుంది.

వచ్చాక ఎలా ఉంటుందంటే... నేను దిగిన రోజు మైనస్ పద్దెనిమిది. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్ గది, ముగ్గురం. మొదటి నాలుగు నెలలు రాత్రిపూట గోడౌన్‌లో పెట్టెలు మోశాను, అప్పట్లో ఒంటారియోలో కనీస వేతనం గంటకి 14 డాలర్లు. 2025 అక్టోబరు నుంచి 17.60. పొద్దున్న వచ్చి రెండు గంటలు పడుకుని, లేచి అప్లికేషన్లు పెట్టేవాణ్ణి. "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అని ప్రతివాడూ అడిగేవాడు. ఒంటారియోలో ఉద్యోగ ప్రకటనల్లో అలా అడగకూడదని 2026 జనవరి 1 నుంచి చట్టం వచ్చింది. మనసులో అనుకోవడాన్ని ఏ చట్టం ఆపుతుందో తెలీదు గానీ, ఏదో ఒకటి మొదలైంది. ఐదో నెలలో ఒక చిన్న కాంట్రాక్టు దొరికింది, అక్కడ్నుంచి దారి తెరుచుకుంది. ఐటీ మార్కెట్ నేను వచ్చినప్పటి కంటే ఇప్పుడు బిగుసుగా ఉంది. అందుకే మాన్యువల్ టెస్టింగ్ దగ్గరే ఆగకు. ఫ్రెంచ్ చదివే ఏడాదిన్నరలో ఆఫీసు పనిలోనే ఆటోమేషన్ వైపు జరుగు. రెండు భాషలు వచ్చిన టెస్టర్‌ని ఒట్టావాలో వెతుక్కుంటూ తీసుకుంటారు, ప్రభుత్వ పనులన్నీ రెండు భాషల్లో జరిగే ఊరు కదా.

ఇక నీ రైటింగ్ 6.5 సంగతి. టాస్క్ 1 లెటర్ దగ్గర మనవాళ్లు తేలిగ్గా తీసుకుని మార్కులు పోగొట్టుకుంటారు. స్నేహితుడికి రాసే ఉత్తరంలో కూడా "రెస్పెక్టెడ్ సర్" ధోరణి వచ్చేస్తుంది. మూడు లెటర్లు, రెండు వ్యాసాలు గడియారం పెట్టుకుని రాసి ఇక్కడ పెట్టు, ఆదివారం కూర్చుని చూస్తాను. లిజనింగ్‌కి నేను చెయ్యగలిగింది లేదు, అది నీ చెవి పని.

ఇంకొకటి అడగడం మర్చిపోయాను. ఆ కన్సల్టెన్సీకి అడ్వాన్స్ ఏమైనా ఇచ్చావా? ఇచ్చి ఉంటే రసీదు ఉందా, అగ్రిమెంట్‌లో ఏం రాశారు, కెనడాలో ఎవరి లైసెన్స్ నంబరు చూపించారు? కెనడాకి దరఖాస్తులు డబ్బు తీసుకుని వేసే హక్కు అక్కడి లాయర్లకి, సీఐసీసీ (అక్కడి ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉన్న ఆర్‌సీఐసీ కన్సల్టెంట్లకి ఉంటుంది. ఆ నంబరు సీఐసీసీ వెబ్‌సైటులో కొట్టి చూస్తే పేరు వస్తుంది. రాకపోతే డబ్బు వెనక్కి అడగాల్సిన పద్ధతి వేరు. పేర్లు ఇక్కడ రాయకుండా, ఎంత ఇచ్చావు, ఎప్పుడు ఇచ్చావు, ఎలా ఇచ్చావు, అది మాత్రం రాయి.